ఏటికి ఆవల ఒక దేశం ఉండేది



ప్రత్యేక సంచికకు ఏదైనా పొరుగు దేశాన్ని పరిచయం చేస్తూ ఒక వ్యాసం రాయమని మన సంఘం పెద్దలు అడిగినారు. "నేపాలో, శ్రీలంకో తీసుకోండి సార్, మనుమలు, మనుమరాండ్రు కూడా చదువుకుంటారు" అన్నారు. నేను నేపాల్ చూడలేదు, శ్రీలంక చూడలేదు. పుస్తకాలు చూసి రాయవచ్చు గాని, ఆ పని మన మనుమలు మనకంటె బాగా చేయగలరు. ఆలోచించగా నాకు ఇంకొక పొరుగు దేశం జ్ఞాపకం వచ్చింది. ఎమ్మిగనూరు నుండి మంత్రాలయం పోయి, తుంగభద్ర ఒడ్డున నిలబడితే కండ్ల ఎదుటనే కనబడే దేశం. దానికి సొంత రాజు, సొంత రూపాయి, సొంత తపాలా బిళ్ళ, సొంత సైన్యం, సొంత రైలు ఉండేవి. మన పెద్దలు దానిని "మొగలాయి" అనేవారు. పుస్తకాలలో దాని పేరు హైదరాబాదు సంస్థానం. అది 1948లో భారతదేశంలో కలిసిపోయింది, 1956లో పటం మీద నుండి కూడా పోయింది.

నేను పుట్టేనాటికే అది ముగిసిన కథ. నాకు తెలిసినది మా అవ్వ చెప్పగా విన్నది, తరువాత ఉద్యోగంలో పాత రికార్డులు తిరగేసి తెలుసుకున్నది. మా అవ్వ పుట్టిల్లు ఏటికి ఆవల, రాయచూరు తాలూకా పల్లె. మెట్టినిల్లు ఏటికి ఈవల, ఆదోని తాలూకా. ఆమె పుట్టింటికి పోవాలంటే పుట్టి ఎక్కి ఏరు దాటాలి, అంతే. ఏరు దాటితే మాత్రం దేశం మారేది.

మనమూ ఒకప్పుడు ఆ దేశమే

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. మనం, వారు మొదటి నుండి వేరు కాదు. విజయనగరం తరువాత ఆదోని కోట బిజాపూరు సుల్తానుల చేతికి పోయింది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారి బృందావనం ఉన్న మంచాల గ్రామం ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చినదే. తరువాత మొగలులు, వారి తరువాత నిజాములు వచ్చినారు. నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్‌కు ఆదోని జాగీరుగా ఉండేది. 1786లో టిప్పు సుల్తాను ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్నాడు.

1800 అక్టోబరులో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద, మైసూరు యుద్ధాలలో తనకు వాటాగా వచ్చిన ప్రాంతాన్ని కంపెనీకి రాసి ఇచ్చినాడు. అందుకే మనకు దత్తమండలాలు అని పేరు వచ్చింది. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలలో చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించగా వ్యాప్తిలోకి వచ్చింది. ఆ 1800 సంతకంతో తుంగభద్ర ఏరు సరిహద్దు అయింది. ఈవల కంపెనీ, మన్రో దొర, రైత్వారీ శిస్తు. ఆవల నిజాం, జాగీర్దార్లు, దేశముఖులు. మన కచేరీలలో నేటికీ వినబడే తహసీల్దారు, జమాబందీ, దఫేదారు, జవాను, దస్తావేజు, హాజరు, వసూలు వంటి మాటలు ఆ పాత కాపురం తాలూకు మిగులు సామాను అనుకోవచ్చు.

భౌగోళిక స్వరూపం

హైదరాబాదు సంస్థానం విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు మైళ్ళు. ఇంగ్లండు, స్కాట్లండు కలిపినదానికంటె కొంచెం ఎక్కువే. దక్కను పీఠభూమి నడుమ ఉండేది. సముద్ర తీరం లేదు. ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణా, తుంగభద్రలు. మొత్తం 16 జిల్లాలు. అందులో 8 తెలుగు జిల్లాలు, 5 మరాఠీ జిల్లాలు, 3 కన్నడ జిల్లాలు.

మనకు ఎదురుగా ఉన్నది రాయచూరు జిల్లా. కృష్ణకు, తుంగభద్రకు నడుమనున్న ఈ నేలను అంతర్వేది అంటారు. నల్లరేగడి, పత్తి, జొన్న పండే నేల. చూడడానికి మన ఆదోని, ఆలూరు పొలాలకు, దానికి తేడా కనబడదు. ఈ నేల కోసమే విజయనగర రాజులు, బహమనీలు, బిజాపూరువారు తరతరాలు యుద్ధాలు చేసినారు. శ్రీకృష్ణదేవరాయలు 1520లో రాయచూరు యుద్ధం గెలిచినాడు. 1853లో బాకీల కింద నిజాం ఈ రాయచూరు అంతర్వేదిని, బీరారును, నల్‌దుర్గ్ ప్రాంతాన్ని బ్రిటిషువారికి అప్పగించవలసి వచ్చింది. రాయచూరు, నల్‌దుర్గ్ 1860లో తిరిగి వచ్చినవి గాని బీరారు రాలేదు. గద్వాల, ఆలంపురం తాలూకాలు కూడా ఆనాడు రాయచూరు జిల్లాలోనివే.

ఆదోనిలో రైలెక్కి కోసిగి, మంత్రాలయం రోడ్డు దాటి, వంతెన మీదుగా ఏరు దాటితే రాయచూరు. 1871లో మద్రాసు నుండి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుండి వచ్చిన మార్గం రాయచూరులోనే కలిసినవి. మద్రాసు, బొంబాయి మెయిళ్ళు నిజాం నేల తొక్కకుండా పోలేకపోయేవి.

పరిపాలన

దేశం అన్నాను గాని, పూర్తి అర్థంలో స్వతంత్ర దేశం కాదు. బ్రిటిషు చక్రవర్తి అధికారం కింద ఉండేది. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెంటు, సికింద్రాబాదులో కంటోన్మెంటు ఉండేవి. లోపలి వ్యవహారాలలో మాత్రం నిజాముదే తుది మాట. రాజు ఆజ్ఞను ఫర్మానా అనేవారు. శాసనసభకు జవాబు చెప్పే ప్రభుత్వం చివరి వరకు లేదు. మద్రాసు రాష్ట్రంలో 1937 నాటికే ఎన్నికైన మంత్రివర్గం ఉండగా ఏటికి ఆవల ఆ మాట వినబడలేదు.

1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ పరిపాలనను ఒక క్రమంలో పెట్టినాడు. 1865లో జిల్లాలను ఏర్పరచినాడు. మన కలెక్టరు అక్కడ అవ్వల్ తాలూక్‌దారు. మన కరణం అక్కడ పట్వారీ. మన గ్రామ మునసబు అక్కడ పటేలు. ఫసలీ సంవత్సరం రెండు చోట్లా ఉండేది. కాని మనది జూలై 1న మొదలైతే, వారిది అక్టోబరులో మొదలయ్యేది. రెవిన్యూలో పనిచేసిన మిత్రులకు ఆ చిక్కు వెంటనే అర్థమవుతుంది. ఏటికి ఇరువైపులా పొలం ఉన్న రైతుకు ఒకే పంటకు రెండు లెక్కలు.

సంస్థానం భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే ప్రభుత్వానిది. 10 శాతం సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు. మిగిలిన 30 శాతం జాగీరులు మొదలగునవి. వీటితో పాటు గద్వాల, వనపర్తి, అమరచింత, జటప్రోలు వంటి హిందూ సంస్థానాలు కప్పం కట్టి తమ గడ్డను తాము ఏలుకునేవి. గద్వాల ప్రభువులు పండితులను ఆదరించినందున దానిని విద్వద్గద్వాల అనేవారు. ఏటికి ఈవలి పండితులు కూడా అక్కడికి పోయి సన్మానం పొంది వచ్చేవారు.

రాజభాష 1884 వరకు పారసీ, ఆ తరువాత ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించి, వైద్యం, ఇంజనీరింగుతో సహా ఉర్దూలో బోధించినారు. దేశభాషలో ఉన్నత విద్య చెప్పవచ్చునని నిరూపించిన ఘనత దానిది. కాని ఆ దేశభాష ప్రజలలో ఎక్కువ మందికి ఇంటి భాష కాదు. మా అవ్వ తమ్ముడికి తన పొలం కాగితంలో ఏమున్నదో ఏనాడూ తెలియదు. ఉర్దూ చదివే మున్షీ ఏమి చెబితే అదే.

ఆర్థిక పరిస్థితి

అక్కడి రూపాయిని హాలీ సిక్కా అనేవారు. వెండి రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉండేది. 1918 నుండి కాగితం నోట్లు కూడా వచ్చినవి. ఏడు హాలీ రూపాయలు మన ఆరు రూపాయలకు సమానం. నూరు బ్రిటిషు రూపాయలు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ ఇవ్వాలి. ఆ పైన సౌకార్ల వట్టం వేరు. 1956 తరువాత మన కార్యాలయాలలోకి వచ్చిన హైదరాబాదు ఉద్యోగుల పాత జీతాల పట్టికలలో ఓ.ఎస్. అని, ఐ.జి. అని రెండు వరుసలు చూసిన మిత్రులు ఉంటారు. మొదటిది ఉస్మానియా సిక్కా, రెండవది భారత ప్రభుత్వ రూపాయి.

సరిహద్దు మీద కరోడ్‌గిరీ నాకాలు ఉండేవి. అంటే సుంకం చౌకీలు. సరుకు మీద నూటికి ఐదు చొప్పున సుంకం. ఎమ్మిగనూరు చేనేత బట్టల మూట ఆవలికి పోవాలన్నా, ఆవలి పత్తి ఆదోని జిన్నింగు మిల్లులకు రావాలన్నా నాకాకు లెక్క చెప్పుకోవాలి. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘం పెట్టేనాటికి కూడా అదే పరిస్థితి. నాకా జవానుకు కనబడకుండా ఒక చీర కట్టుకొని, ఇంకొకటి నడుముకు చుట్టుకొని ఏరు దాటిన కథ మా అవ్వ నవ్వుకుంటూ చెప్పేది.

పరిశ్రమలు తక్కువేమీ కాదు. సింగరేణి బొగ్గు, షాబాదు సిమెంటు, వరంగల్లు ఆజంజాహీ మిల్లు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, సిర్పూరు కాగితం, రాయచూరు జిల్లాలోనే హట్టి బంగారు గనులు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలుపెట్టినారు. మన ఆర్.టి.సి.కి మూలం అదే. నిజాం రైలు గద్వాల మీదుగా కర్నూలు వచ్చి డోను చేరేది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలోనే ధనవంతుడని పేరు. అదే రాజ్యంలో పల్లెలలో వెట్టిచాకిరీ, నాగు వడ్డీలు. ఈ రెండూ కలిపి చెబితేనే అక్కడి ఆర్థిక పరిస్థితి చెప్పినట్లు.

ప్రజలు

1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల మంది. సగానికి దగ్గరగా తెలుగువారు, నాలుగవ వంతు మరాఠీలు, తక్కినవారిలో కన్నడిగులు, ఉర్దూవారు ఎక్కువ. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రిక పెట్టినారు. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినారు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది.

ఏటి ఒడ్డు పల్లెల్లో మాత్రం ఎవరు ఏ భాషవారని అడిగేవారు లేరు. మా అవ్వ తల్లితో కన్నడం, మాతో తెలుగు, సంతలో ఉర్దూ మాట్లాడేది. పెండ్లి సంబంధాలు, జాతరలు, మొహర్రం పీర్లు, రాఘవేంద్రస్వామి ఆరాధన అన్నీ ఏటికి ఇరువైపులా కలిసే జరిగేవి. సరిహద్దు నాకాలో ఉండేది, ఇండ్లలో ఉండేది కాదు.

1948

1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆదోనిలో జెండా ఎగిరింది. ఏటికి ఆవల ఎగరలేదు. నిజాం స్వతంత్రంగా ఉండదలచినాడు. నవంబరు 29న ఏడాదికి యథాతథ ఒప్పందం కుదిరింది గాని నిలవలేదు. కాశిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దాడులు పెరిగినవి. ఒకవైపు నిజాంకు వ్యతిరేకంగా స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం, ఇంకొకవైపు తెలుగు జిల్లాలలో 1946 నుండి కమ్యూనిస్టుల నాయకత్వాన రైతుల సాయుధ పోరాటం. సరిహద్దు పల్లెల జనం ప్రాణాలు అరచేత పట్టుకొని ఈవలికి వచ్చినారు.

మా అవ్వ తమ్ముడు భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకొని ఆ ఏడు వేసవిలో ఒక రాత్రి పుట్టిలో ఏరు దాటి మా ఇంటికి వచ్చినాడట. కాడి ఎద్దులను, గాదెలోని జొన్నలను వచ్చిన ధరకు అమ్మినాడు. చేతిలో 350 హాలీ రూపాయల నోట్లు. వాటిని మా అవ్వ చేతిలో పెట్టి "నీ సందుగులో ఉంచక్కా, నేను అడిగినప్పుడు ఇద్దువు" అన్నాడట.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నలుదిక్కుల నుండి సంస్థానంలో ప్రవేశించింది. పోలీసు చర్య అని దానికి పేరు. ఐదు రోజులలో ముగిసింది. 17వ తేదీ సాయంత్రం నిజాం లొంగుబాటు ప్రకటించినాడు. మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్ మన జనరల్ చౌదరిగారికి లాంఛనంగా లొంగిపోయినాడు. ఆ వెనుక కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాలలో, ఏ పాపం ఎరుగని ముస్లిం కుటుంబాలు ఎన్నో దెబ్బతిన్నవి. ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ సంఘం ఆ సంగతి రాసింది. రజాకార్ల సంగతి చెప్పినవారు ఈ సంగతి కూడా చెప్పడం న్యాయం. మా తాత వరస ఆయన తిరిగి తన ఊరికి పోయేసరికి, ఆయన పొలం కాగితాలు చదివి చెప్పే మున్షీ ఇల్లు పాడుబడి ఉన్నదట. ఆ మున్షీ ఎటు పోయినాడో ఎవరికీ తెలియదు. "మంచోడే పాపం" అని చాలా కాలం అనుకున్నాడట.

ఆ తరువాత

1949లో జాగీర్లు రద్దయినవి. 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్ అయినాడు. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి. ఈవల 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని మూడుగా పంచినారు. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు, మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు. రాయచూరు మైసూరుకు పోయింది. గద్వాల, ఆలంపురం మనతో కలిసినవి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడగా అవి కూడా ఆవలి ఒడ్డు అయినవి. ఏరు ఒక్కటే. దాని అవతల పేర్లు మారుతూ వచ్చినవి.

రెండు రాజ్యాలు కలిసి చేసిన మంచిపని ఒకటి ఉన్నది. అది తుంగభద్ర ఆనకట్ట. 1944లో మద్రాసు ప్రభుత్వానికి, నిజాం ప్రభుత్వానికి ఒప్పందం కుదిరి, చెరి 65 టీఎంసీలు వాడుకునేటట్లు, 1945 ఫిబ్రవరి 28న ఒక ఒడ్డున వారు, ఒక ఒడ్డున వీరు శంకుస్థాపన చేసినారు. 1953 నాటికి కాలువలకు నీరు వచ్చింది. మన దిగువ కాలువ దాని బిడ్డే. కట్టిననాడు సుమారు 133 టీఎంసీలు పట్టిన జలాశయం పూడిక వల్ల సుమారు 105కు తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రాయచూరు రైతు, ఆదోని రైతు, గద్వాల రైతు ఒకే విధంగా నిద్రపోలేదు. మన కన్నయ్యనాయుడుగారి సలహాతో పారే నీటిలోనే తాత్కాలిక గేటు దించి నీళ్ళు నిలిపినారు. దేశాలు పోయినా కలిసి కట్టినది నిలిచి ఉన్నది.

350 రూపాయలు

హాలీ సిక్కా 1951 తరువాత కొత్తగా రాలేదు. పాతవి కొన్నాళ్ళు చెలామణిలో ఉండి 1959లో పూర్తిగా రద్దయినవి. మా అవ్వకు ఈ సంగతి తెలియదు. తమ్ముడు అడగలేదు, ఆమె తెరవలేదు. పరుల సొమ్ము, లెక్కపెట్టి చూడడం కూడా తప్పే అనుకునేది. 1961లో ఆయన పోయినాడు. దినం నాటికి సందుగు తెరచి, ఆ గుడ్డమూట తీసుకొని, నన్ను వెంటబెట్టుకొని ఏరు దాటింది. అక్కడి పెద్దమనిషి ఒకాయన నోట్లు చూసి, "అమ్మా, ఇవి చెల్లవు, గడువు దాటి రెండేండ్లాయె" అన్నాడు.

మా అవ్వ ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చినాక నన్ను పిలిచి, "ఏడుకు ఆరు లెక్కన మూడు వందల యాభైకి మన రూపాయలు ఎన్నిరా నాయనా" అని అడిగింది. నేను పలక మీద వేసి 300 అని చెప్పినాను. నెల తిరిగేలోగా చేతి గాజులు రెండు అమ్మి, 300 రూపాయలు తీసుకొనిపోయి మరదలి చేతిలో పెట్టింది. ఆమె "వద్దు వదినే, నీ తప్పేముంది" అని ఏడ్చింది. "దేశం పోతే పోయింది, మాట పోకూడదు" అని మా అవ్వ ఆమె కొంగున ముడివేసి వచ్చింది.

తరువాత నేను గుమాస్తాగా చేరి ముప్పై ఏండ్లకు పైగా లెక్కలు రాసినాను. అంత కష్టమైన లెక్క మళ్ళీ రాయలేదు. ఆ నోట్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నవి.

మిత్రులారా, చరిత్ర వ్యాసంలో ఇంటి సంగతి ఎందుకంటారేమో. 2016 నవంబరు 8 తరువాత మనలో ఎంతమంది ఇండ్లలో, గడువు దాటినాక, బియ్యం డబ్బాలో నుండి పాత నోట్లు బయటపడినవో మీకు తెలుసు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. మన పాస్‌పుస్తకాల మీద మిగిలిన ఆ పాత దేశం పేరు కూడా ఆనాటితో పోయింది. రాజ్యాలు, రూపాయలు, బ్యాంకులు మారుతూనే ఉంటవి. అందుచేత మీ పెన్షను కాగితాలు, డిపాజిట్లు, నామినీ పేర్లు మీ ఇంటావిడకు, పిల్లలకు ఈ రోజే చూపి చెప్పండి. మీ వద్ద ఎవరిదైనా సొమ్ము ఉంటే అది ఎవరిదో రాసి పెట్టండి. మా అవ్వకు చదువు రాదు గనుక గాజులు పోయినవి. మనకు చదువు వచ్చును.

ఈసారి మంత్రాలయం పోయినప్పుడు మనుమలకు ఆవలి ఒడ్డు చూపించి, అక్కడ ఒక దేశం ఉండేదని చెప్పండి.